ఎర్రదొర తల్లికి పిట్టకు పెట్టిన సంగతి

ఆ రోజుల్లో మా వైపు ఊళ్ళలో సముద్రం దాటిన ప్రతివాడూ దుబాయ్ పోయినట్టే లెక్క. నేను పోయింది ఖతర్‌కని మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా "అదేనాయె, దుబాయ్‌ల ఖతర్" అని తీర్మానించేది. పరదేశం పోయినవాడు అక్కడి మనుషుల దగ్గర ఏవేవో నేర్చుకొస్తాడని అందరూ అనుకుంటారు. నా మటుకు నేను నేర్చుకున్న అరబ్బీ అంతా యల్లా, మాఫీ, ఫులూస్, అంటే పద, లేదు, డబ్బు అనే మూడు మాటల్లో ఇమిడిపోతుంది (ఆ మూడింటితోనే గల్ఫ్‌లో జీవితం గడిపేసిన మహానుభావులను నేనెరుగుదును). అంతకంటే విలువైనదేదైనా నేర్చుకున్నానంటే అది నాలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఇంకో పరదేశి దగ్గరే. అతనిది ఐర్లండ్. చావింట్లో నవ్వడం తప్పు కాదని, ఒక్కోసారి నవ్వకపోవడమే తప్పని అతను నాకు నేర్పాడు. ఆ పాఠం సులువుగా ఎక్కలేదు. మా క్యాంపు క్యాంపంతా అందుకోసం కట్టుబట్టలతో తడవాల్సి వచ్చింది.

చమురు డబ్బు పోటెత్తిన కాలం అది. నిన్న ఒట్టి ఇసుక ఉన్నచోట ఇవాళ గోడ లేచేది. ఉత్తరాన మదీనత్ అల్ షమాల్‌లో వరసలు వరసలుగా ఇళ్ళు కడుతుంటే మా జిల్లావాళ్ళం ఒక గుంపుగా అక్కడ పనిలో ఉన్నాం. తాపీ పనివాళ్ళకు పెద్ద మా మామ. మా అమ్మకు దూరపు వరసలో తమ్ముడు, క్యాంపులో మాత్రం వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ మామే. వీసా ఇప్పించి నన్ను తీసుకొచ్చింది ఆయనే. ఇంటర్మీడియెట్ రెండో దండయాత్రలో గట్టెక్కిన వాణ్ణి కనుక నన్ను స్టోర్లో కూర్చోబెట్టారు. మేకులు, సిమెంటు సంచులు ఇవ్వడం నా డ్యూటీ. దానితోపాటు, మా అల్లునికి ఇంగ్లీషు మస్తు వస్తదని మామ చాటింపు వేయడం వల్ల, క్యాంపు మొత్తానికి దుబాసీని కూడా అయ్యాను. జీతం మాత్రం మేకులకే ఇచ్చేవారు.

మా జనరల్ ఫోర్‌మనే ఆ ఐర్లండ్ మనిషి. జుట్టు ఎరుపు, ఎండకు ఉడికిన ముఖం పండు మిరపకాయ. మావాళ్ళు వచ్చిన మొదటి రోజే ఎర్రదొర అని పేరు పెట్టేశారు. అతని ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది కాదు. అది నా చదువు లోపమేననుకుని చాలాకాలం లోలోపల కుమిలిపోయాను. లండన్ నుంచి వచ్చిన ఇంజనీరు కూడా అతని మాటకు రెండుసార్లు "ఏమిటీ?" అనడం విన్నాక కడుపు చల్లబడింది. అర్థం కాని సగాన్ని నేను సొంతంగా పూరించి మావాళ్ళకు చెప్పేవాణ్ణి. గోడలు మాత్రం నిటారుగానే లేచాయి కాబట్టి నా తర్జుమాను ఎవరూ శంకించలేదు.

టీ టైంలో నీళ్ళ ట్యాంకు నీడన కూర్చుని ఎర్రదొర తన ఊరి కబుర్లు చెప్పేవాడు. ఊరంటే ఊరు కాదు, మనం శివారు పల్లె అంటామే, అలాంటిది. కొండకింద పదీ పదిహేను గడపలు, నాలుగు పొలాలు, ఒక బురదనేల. ఆ బురదను ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో కాలుస్తారట. పొయ్యి ఎన్నడూ ఆరనివ్వరు. పడుకునే ముందు బూడిద కప్పి, పొద్దున ఊది లేపుతారు. తాత వెలిగించిన నిప్పు మనవడి దాకా వచ్చిన ఇళ్ళున్నాయట. మే నెల మొదటి రోజు మాత్రం పక్కింటివాడు ప్రాధేయపడినా నిప్పు ఇవ్వరు, ఇస్తే ఆ ఏటి పాడి దానివెంటే పోతుంది. ఇది నేను చెప్పగానే మామ, "గిదేం కొత్త? మన దగ్గర శుక్కురారం పొద్దుగూకినంక ఉప్పిత్తరా? సల్ల పోత్తరా?" అని దొర వంక బంధువును చూసినట్టు చూశాడు. పొలం మధ్య ఒంటిగా మొలిచిన ముళ్ళచెట్టును ఎవరూ నరకరట. అది 'వాళ్ళ' చెట్టు. వాళ్ళంటే ఎవరని అడిగితే దొర గొంతు తగ్గించి, పేరుపెట్టి అనకూడదు అనేవాడు. "మనం చీకటి వడ్డంక పామును పురుగు అంటలేమా, గట్లనే" అని మామ అదీ తేల్చేశాడు. సంతకు పోయేటప్పుడు ఎర్రజుట్టు ఆడమనిషి ఎదురైతే వెనక్కి మళ్ళుతారని చెప్పినప్పుడు మాత్రం మామ కాస్త ఆలోచనలో పడి, "మరి దొరది సుత ఎర్ర జుట్టేనాయె. రోజు పొద్దుగాల ఈయన మొకమే సూసి పనికి వోతున్నం" అన్నాడు. దాన్ని నేను తర్జుమా చేయలేదు.

ఆ శివారు పల్లెలోనే దొర తల్లి ఉండేది. అన్నలు, వదినలు అంతా అక్కడే. ఈయన ఆఖరివాడు. తల్లి ఫొటో ఒకటి ఆయన క్యాబిన్ గోడకు ఉండేది. సగం తెరిచిన తలుపు దగ్గర తలగుడ్డ కట్టుకున్న ముసలమ్మ, చంకలో కోడి.

ఒక గురువారం మధ్యాహ్నం దోహా ఆఫీసు నుంచి డ్రైవర్ పికప్‌లో వచ్చి, ఫోన్ వచ్చిందని, ఆమె పోయిందని చెప్పాడు. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గర. సంతకం పెట్టాల్సిన మేనేజరు ఎటో వెళ్ళాడు. మర్నాడు శుక్రవారం, సెలవు. శనివారం ఆఫీసు తెరిచి, సంతకమై, విమానాలు మారి ఆయన ఊరు చేరేసరికి అమ్మ మట్టిలో ఉంటుంది. ఆ సంగతి అర్థమయ్యాక ఆయన కోపగించుకోలేదు, ఏడవలేదు. స్టోర్లోకి వచ్చి సిమెంటు సంచి మీద కూర్చున్నాడు. "మా ఊళ్ళో మనిషి పోతే మట్టి చేసేదాకా ఒంటరిగా ఉంచరు" అన్నాడు. "చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి కూర్చుంటారు. తింటారు, టీ తాగుతారు, పొగ తాగుతారు. పోయినవాళ్ళ గురించి, ఊరి గురించి నవ్వొచ్చే కథలన్నీ చెప్పుకుంటారు. ఆ ఇంట్లో నవ్వు వినపడలేదంటే ఆ మనిషిని ఎవరూ ప్రేమించలేదని అర్థం. అక్కడ మా అన్నలున్నారు, వాళ్ళు చూసుకుంటారు. కానీ నేనూ ఆమె కొడుకునే. నేనున్న ఇంటికప్పు కింద ఒక్క నవ్వయినా లేకుండా మా అమ్మను పంపలేను. రేపు అందరినీ తీసుకురా." విచిత్రం ఏమిటంటే, ఆయన ఇంగ్లీషు ప్రతి మాటా నాకు అర్థమైంది.

నేను ఖతర్‌లో ఉన్నన్నాళ్ళలో పొల్లుపోకుండా తర్జుమా చేసింది ఆ ఒక్కసారే. ఎవరూ నమ్మనిదీ ఆ ఒక్కసారే. "సావింట్ల నవ్వుడేందిరా?" అన్నాడు మామ. "నీకు సరిగ్గ సమజ్ కాలే అల్లుడా. నవ్వద్దు అని అనుంటడు." కాదని ఒట్టు పెట్టుకున్నాను. క్యాంపు వంటాయన గరిటె పక్కన పెట్టి, "దుఃఖంల ఉన్నోడు ఏదో అంటడు. గదంత పట్టుకోని మనం పోయి పండ్లికిలిత్తె రేపు తల్సుకోని పానం గుంజుకుంటడు. మన ధర్మం మనం తప్పొద్దు" అన్నాడు. అదే అందరికీ సబబుగా తోచింది. చావింట్లో ఏమీ ముట్టకూడదు. ఎక్కువ మాట్లాడకూడదు. కాసేపు కూర్చుని లేవాలి. లేచేటప్పుడు పోతానని చెప్పకూడదు, వస్తానని అసలే అనకూడదు. తిరిగొచ్చి ఎవరినీ తాకకుండా కట్టుబట్టలతో స్నానం చేయాలి. ఇంతమంది పద్ధతి తెలిసినవాళ్ళు చెబుతుంటే, ఇంటర్ ఇంగ్లీషువాడి మాట ఎవరు వింటారు? నాకూ లోపల మావాళ్ళే రైటేమో అనిపించింది. ఎంత చెప్పినా అమ్మ కదా.

శుక్రవారం పొద్దున అందరం వరసకట్టి దొర క్యాబిన్‌కు వెళ్ళాం. కిటికీ తెరిచి ఉంది, ముఖం చూసుకునే అద్దం మీద తువ్వాలు కప్పి ఉంది. బల్ల మీద తెల్లదుప్పటి పరిచి తల్లి ఫొటో, కొవ్వొత్తి పెట్టాడు. చుట్టూ బిస్కెట్లు, జున్ను ముక్కలు, పళ్ళెంలో విప్పి పరిచిన సిగరెట్లు, సాసరులో నశ్యం, కెటిల్ నిండా టీ. "మా ఊళ్ళో అయితే ఒక సీసా కూడా ఉండేది, ఇక్కడ మాఫీ" అని నవ్వుతూ ఎదురొచ్చి ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ నవ్వు చూసి మావాళ్ళు ఇంకా బెంబేలెత్తిపోయారు. పాపం మతి చలించినట్టుందని వంటాయన నా చెవిలో గొణిగాడు. తలలు వంచుకుని నేల మీద కూర్చున్నాం. ఆయన పళ్ళెం తెచ్చి ఒక్కొక్కరి ముందు పెడుతున్నాడు. ఒక్కొక్కరూ చేతులు జోడిస్తున్నారు. ఆయన తన తల్లి కోళ్ళ గురించి ఏదో చెప్పి మా ముఖాల్లోకి చూశాడు. నేను తర్జుమా చేశాను. ఎవరో ముక్కు చీదారు.

అంతటితో ఆగినా బాగుండేది. గోడ మీద కీ ఇచ్చే గడియారం ఒకటి ఆగిపోయి ఉంది. ఆ ఊరి ఆచారం, ఇంట్లో మనిషి పోతే గడియారం ఆపేస్తారట. అది మామకు ఏం తెలుసు? దుఃఖంలో కీ ఇవ్వడం మరిచిపోయాడనుకున్నాడు. ఏదో ఒక సాయం చేయాలని ఉంది పాపం. మెల్లగా లేచి, గడియారానికి కర్రుకర్రుమని కీ తిప్పి, తన చేతి గడియారం చూసి టైం సరిచేసి, తృప్తిగా వచ్చి కూర్చున్నాడు. ఆ టక్‌టక్ వినిపించగానే దొర మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన ముఖంలో ఎరుపు తగ్గడం నేను మొదటిసారి చూశాను. మరి కాసేపటికి, ఇక చాలని మామ కళ్ళతో సైగ చేశాడు. అందరం లేచి, ఒక్క మాట మాట్లాడకుండా, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి నడిచాం. తిన్నగా కుళాయిల దగ్గరికి వెళ్ళి చొక్కాలు, లుంగీలతోనే నెత్తిన నీళ్ళు పోసుకున్నాం. ఆ కుళాయిలు దొర గుమ్మానికి సరిగ్గా ఎదురుగా ఉన్నాయని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఆయన గుమ్మంలో టీ కప్పుతో నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు.

సాయంత్రం నన్ను పిలిపించాడు. పళ్ళేలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. "నా గదిలో ఏదైనా రోగం ఉందనుకున్నారా?" అని అడిగాడు. "తినలేదు. మాట్లాడలేదు. వెళ్తున్నామని కూడా చెప్పలేదు. వెళ్ళి ఒంటిమీంచి నన్ను కడిగేసుకున్నారు." వచ్చీరాని ఇంగ్లీషులో మా పద్ధతులన్నీ ఒక్కొక్కటే చెప్పాను. మా సొంత అమ్మ పోయినా ఇంతేనని, చావింటికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వస్తామని చెబితే అది కీడు కోరడమని చెప్పాను. ఆయన చాలాసేపు విని తలాడించాడు. "మీరు మర్యాదే చేశారు. సరే, ఆ సంగతి నాకిప్పుడు తెలిసింది" అన్నాడు. "కానీ అబ్బాయీ, రేపు మధ్యాహ్నం మా అమ్మను మట్టి చేస్తారు. నా దగ్గర ఇంకా ఎవరూ నవ్వలేదు."

ఆ మాట యథాతథంగా మామకు చెప్పాను. ఈసారి నమ్మాడు. బీడీ ఆర్పేసి నేలచూపులు చూస్తూ, "మన తీరుగ మనం జేసినం గని ఆయన మనుసుకు ముట్టలే. రేపు మూడొద్దులు గద. ఆమెకు పిట్టకు పెడుదం. ఆమెకేది పానమో అడిగి రాపో" అన్నాడు. మా వైపు మనిషి పోయిన మూడో రోజున ఆ మనిషికి ఇష్టమైనవి వండి బయట పెడతారు. కాకి వచ్చి ముడితే ఆత్మ తృప్తి పడినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరూ ముందుకొచ్చి, నీ బిడ్డను మేం చూసుకుంటామనో, నీ మాట దాటమనో చెప్పుకుంటారు. ఇదంతా చెబితే దొర నవ్వుతాడేమోననుకున్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "మా దగ్గర తేనెటీగలకు చెబుతాం" అన్నాడు. "ఇంట్లో పెద్ద పోతే గూటి దగ్గరికి వెళ్ళి మెల్లగా తట్టి, ఫలానా మనిషి పోయిందని చెప్పాలి. చెప్పకపోతే అవి అలిగి వెళ్ళిపోతాయి. వాటిని పెంచింది మా అమ్మే. వాటికి ఎవరైనా చెప్పారో లేదో." అప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను పక్కన కూర్చున్నాను.

శనివారం డ్యూటీ దిగగానే సముద్రం ఒడ్డుకు నడిచాం. పొద్దునే పెట్టాలి నిజానికి, కానీ కంపెనీకి మూడొద్దుల సంగతి తెలియదు కదా. తోలుతో ఉడికించిన ఆలుగడ్డలు, డబ్బాలోని వెన్న, కారునల్లగా కాచి పాలు పోసిన టీ, చిటికెడు నశ్యం. ఇవీ ఆమెకు ఇష్టమైనవి. (నశ్యం మాట వినగానే మామ తన డబ్బాలోదే ఇచ్చాడు. "ముసలమ్మ మంచిదే ఉన్నట్టున్నది" అన్నాడు.) వంటాయన కొత్త స్టీలు పళ్ళెంలో అన్నీ సర్ది రాళ్ళ మీద పెట్టాడు. వెనక్కి వచ్చి నిలబడ్డాం. ఆ ఒడ్డున కాకులు లేవు. తెల్లటి సముద్రపు పిట్టలు మాత్రం బోలెడు, నీళ్ళ మీద తేలుతూ మావైపు చూస్తున్నాయి తప్ప ఒక్కటీ కదల్లేదు. దొర గడియారం చూసుకుని, "ఈపాటికి మట్టి అయిపోయి ఉంటుంది" అన్నాడు. మామ ముందుకు వెళ్ళి చేతులు జోడించి, "అమ్మా, నీ కొడుకును మేం మంచిగ అర్సుకుంటం. రంది పెట్టుకోకు" అన్నాడు. పిట్ట రాలేదు. వంటాయన, రోజూ ఒక పూట దొరకు తన చేత్తో కారం తక్కువగా వండి పెడతానన్నాడు. అయినా రాలేదు. ఆమెకు తెలుగు రాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి నన్ను ముందుకు తోశారు. ఇంటర్ ఇంగ్లీషులో నేను ఏదో మొక్కుకున్నాను. ఉన్న పిట్టల్లో రెండు ఎగిరి అవతలికి పోయాయి.

"ఆమెకేం గావాల్నో అడుగురా" అన్నాడు మామ. అడిగాను. దొర పళ్ళెం వైపే చూస్తూ, "మీకు తెలుసు" అన్నాడు. తర్జుమా అవసరం లేకపోయింది. నవ్వమంటే ఎలా నవ్వుతాం? మా బ్యాచ్‌లో ఒక వడ్రంగి ఉండేవాడు. ఎప్పుడూ ఇంటి దగ్గరి బర్రెను తలుచుకుని దిగులుపడతాడని బర్రెలాయన అనేవాళ్ళం. పెద్దగా నోరు విప్పని మనిషి. అతను ఇసుకలో చతికిలబడి, "మా అవ్వ పోయినప్పటి ముచ్చట జెప్పనా?" అన్నాడు. (మా వైపు కన్నతల్లిని అవ్వ అంటారు.) అందరం కూర్చున్నాం. నేను దొర పక్కన చేరాను.

"మా బర్రె మా అవ్వకు తప్ప ఇంకోలకు పాలియ్యకపోవు. అవ్వ పోయిన తెల్లారి దూడ ఒర్రుతాంది, పొదుగు రాయి లెక్క అయింది. నేను కూసుంటె ఒక్క తన్ను తన్నింది. నా పెండ్లాం కూసుంటె తోకతోని మొకం మీద గొట్టింది. అప్పుడు మా అక్క, అవ్వ చీర కట్టుకోని కూసోరా, వాసనకు ఇడుత్తదేమో అన్నది. ఏం జేత్త? కట్టుకున్న. కొంగు నెత్తిమీదికెల్లి కప్పుకోని మూతికి అడ్డం వెట్టుకున్న, మీసాలు కనవడొద్దు గద. బర్రె ఎనుకకు మల్లి సూసింది, వాసన సూసింది, పాలిడిసింది. అగో, గప్పుడే పక్కూరి నుంచి మా చిన్నవ్వ, మా అవ్వకు సొంత చెల్లె, అక్కా పోతివా అక్కా అని ఏడ్సుకుంట దర్వాజ దాటి అచ్చింది. అచ్చి సూత్తె, అక్క కూసోని పాలు పిండుతాంది. ఏడ్సుడు బందయింది. నేను లేత్తె బర్రె మల్ల పాలియ్యదాయె. తల తిప్పకుంట, చెయ్యితోని 'కూసో కూసో' అని సైగ జేసిన. గంతే. చెప్పులు ఆడనే ఇడిసిపెట్టి ఉరికింది. మల్ల పెద్ద దినం దాక మా ఇంటి దిక్కు రాలే."

ముందు మామ పగలబడ్డాడు. ఎంత ఆపుకుందామన్నా ఆగక, మూడొద్దుల నాడని తెలిసీ, పొట్ట పట్టుకుని ఇసుకలో పక్కకు వాలిపోయాడు. ఆ వెంటనే అందరం. నేను నవ్వుతూనే దొరకు ముక్కలు ముక్కలుగా చెబుతున్నాను. 'కూసో కూసో' దగ్గరికి రాగానే చెయ్యి ఊపి చూపించాను. ఆయన ఒక్క అరుపు అరిచి, తల వెనక్కి వేసి నవ్వాడు. నవ్వి నవ్వి ఏడ్చాడు. ఏడుపు మధ్యలో, వాళ్ళ ఆవు కూడా అమ్మ పాట పాడితేనే పాలిచ్చేదని, ఆమెకు జ్వరం వచ్చినప్పుడు పాట రాని వాళ్ళ నాన్న దాని పక్కన కూర్చుని జపమాల మొదటినుంచి చివరిదాకా చదివాడని, అది కూడా భక్తిగా విని అయిపోయాకే చేపిందని చెప్పాడు. అది నేను తెలుగులో చెప్పేసరికి మరో విడత. మేం ఎవరం పళ్ళెం వైపు చూడటం లేదు (అందుకే వచ్చిందని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు అలా అనుకోలేదు). బర్రెలాయన నా మోచేయి గిల్లాడు. ఒక పెద్ద తెల్ల పిట్ట రాళ్ళ మీద వాలి, ఆలుగడ్డను అమాంతం ముక్కున కరుచుకుని ఐర్లండ్ ఎటుందో తెలిసినట్టు లేచిపోయింది. మామ లేచి దొర భుజం మీద చెయ్యి వేశాడు. "ముట్టింది, సార్" అన్నాడు తెలుగులోనే. దొర తలూపాడు. తర్వాత మేం కట్టుబట్టలతో సముద్రంలోకి దిగుతుంటే, బూట్లయినా విప్పకుండా ఆయన కూడా మా వెంట దిగాడు.

ఇళ్ళు పూర్తయ్యాక ఆయన ఎటో, మేం ఎటో. మళ్ళీ కలవలేదు. మొన్నామధ్య మా పెదనాన్న పోయాడు. మూడో రోజు పొలం దగ్గర విస్తరి పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశామో లేదో, కాకి వచ్చి ముట్టేసింది. ఏ రందీ లేకుండా పోయాడని అందరూ తృప్తిపడి చెప్పులు వేసుకుంటున్నారు. నేను మాత్రం కదల్లేదు. పెదనాన్న గురించి నా దగ్గర మంచి ముచ్చట ఒకటి ఉంది. దారి పొడుగునా మనసులో దిద్దుకుంటూ వచ్చాను. చావింట్లో నవ్వమంటే బిక్కచచ్చిపోయిన ఆనాటి కుర్రాణ్ణి, ఈ వయసులో కాకి తొందరపడిందని చిన్నబుచ్చుకుని నిలబడ్డానన్నమాట. "ఆగుండ్రి, పెద్దబాపు ముచ్చట ఒకటి జెప్త" అన్నాను. అందరూ ఆగి, ఆనాడు మేం దొరను చూసినట్టే నావంక చూశారు. కాకి తన మానాన తింటోంది. నేను గట్టు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.